గీతలు చూసి రంగు నిర్ణయించిన థార్: ఒక కేస్ స్టడీ

బండి 2013 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ. 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, ఫోర్ బై ఫోర్, కాన్వాస్ టాప్, నలుపు రంగు. యజమాని ములుగు జిల్లా గోవిందరావుపేట వైపు మిర్చి రైతు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చేను అడవి అంచున ఉంటుంది, ఊరికీ చేనుకూ మధ్య వాగు దాటాలి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు తిరుగుడు సరేసరి. అంటే ఆదివారం సరదాకు బయటికి తీసే బండి కాదు, రోజూ పని చేసే బండి. మా షెడ్డు వరంగల్‌లో ఉంది. డెంటింగ్, పెయింటింగ్, టింకరింగ్ మా పని.

మిర్చి అమ్ముకున్నాక, వానలు పడకముందు బండి రెడీ కావాలని మే నెలలో తీసుకొచ్చాడు. "అన్నా, మిలిటరీ జీపు లెక్క కావాలె. ఒకసారి చూసినోడు మళ్ల చూడాలె" అన్నాడు. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. మ్యాట్ ఆలివ్ గ్రీన్ రంగు, ముందు పెద్ద బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప పైపుల చట్రం), టాప్ మీద ఎల్ఈడీ బార్, బాడీ దాటి బయటికి వచ్చిన వెడల్పు టైర్లు, కాన్వాస్ తీసేసి ఫైబర్ హార్డ్ టాప్. రెండు డోర్ల మీద కాకతీయ తోరణం కూడా కావాలన్నాడు.

ఈ లిస్టులో చివరికి మిగిలింది తోరణం ఒక్కటే. అయినా అతను కోరిన రూపం అతనికి దొరికిందనే నా నమ్మకం. అదెలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆఫ్‌రోడ్ బండికి దెబ్బ ఎక్కడ తగులుతుందో ముందు చూడాలి, రంగు సంగతి ఆ తర్వాతే. ఈ బండి మీద చేసిన ప్రతి పనీ ఆ లెక్కలోనే జరిగింది.

ముందు చట్టం

కొలతలు తీయకముందే ఈ మాట చెప్పేయడం నా పద్ధతి. రక్షణ శాఖ బండ్లకు తప్ప వేరే ఏ బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 121వ రూలు ఉంది. మన దగ్గర చాలామందికి ఈ సంగతి తెలియదు, రంగు వేసేవాళ్లలో కూడా. ఇక బుల్ బార్. అది బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమాని మీద 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

రంగు మార్చుకోవడం తప్పు కాదు. కాకపోతే ఆర్సీలో ఉన్న రంగు, బండి మీద ఉన్న రంగు ఒకటే కావాలి. కాబట్టి రవాణా శాఖలో దరఖాస్తు పెట్టుకుని, బండి చూపించి, ఆర్సీలో కొత్త రంగు ఎక్కించుకోవాలి. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ కూడా కావాలి. ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒక మాట చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే క్లెయిమ్ రోజున తలనొప్పి.

అతని ముఖం కొంచెం వాడింది. "మరి ఇగ ఏం మిగిలిందన్నా?" అన్నాడు. "ఆ రంగు మనం వెయ్యరాదు తమ్మీ. నువ్వు తిరిగే తొవ్వ జూసి రంగు ఎంచుదాం. బండి రేపు ఒక రోజు ఇడిసిపెట్టి పో" అన్నాను.

సుద్దముక్కతో బండి చుట్టూ

మర్నాడు పొద్దున బండిని షాంపూతో కడిగి, ఆరబెట్టి, నీడలోకి తెచ్చాం. నేనూ, మా షెడ్డులో పని చేసే కుర్రాడూ చెరో సుద్దముక్క పట్టుకుని బండి చుట్టూ తిరిగాం. గీత కనిపించిన చోట గోరు అడ్డంగా లాగి చూడాలి. గోరు జారిపోతే గీత పైపొరలోనే ఉన్నట్టు, దానికి చిన్న అడ్డగీత పెట్టాం. గోరు ఆగితే ప్రైమర్ దాకా, కొన్నిచోట్ల రేకు దాకా దిగినట్టు, దానికి సున్నా చుట్టాం. నల్ల బండి కాబట్టి తెల్ల సుద్ద బాగా కనిపిస్తుంది. పని అయ్యాక దూరంగా నిలబడి చూస్తే బండి కథ అంతా దాని ఒంటి మీదే రాసి ఉంది.

ఎడమ వైపు సున్నాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, కుడి వైపు చాలా తక్కువ. కారణం సులువే. అడవి అంచున సన్నటి బాటలో ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనిషి బండిని ఎడమకు దింపుతాడు. అక్కడ లంటానా, రేగు ముళ్లు, నరికిన టేకు మోళ్లు ఉంటాయి. ముందు చక్రాల వెనక రేకు మీద సన్నటి చుక్కలు, కంకర ఎగిరి తగిలినవి. వెనక డోర్ మీద నిలువు గీతలు, పనిముట్లు, బస్తాలు ఎక్కించి దించేటప్పుడు పడ్డవి. బానెట్ మీద గీతలే లేవు, కానీ చేత్తో రాస్తే అరచేతికి నల్లటి పొడి అంటింది. అది ఎండ దెబ్బ. మేలో మా దగ్గర ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతుంది, నల్ల బానెట్ మీద చెయ్యి పెట్టలేం.

లోతైన సున్నాలన్నీ దాదాపు ఒకే ఎత్తు కింద ఉన్నాయి. డోర్ హ్యాండిల్‌కు జానెడు కింద. దానిపైన వెదురు కొసలు రాసుకున్న పైపై గీతలు మాత్రమే. ఆ ఎత్తులో మాస్కింగ్ టేపు ముందు ఫెండర్ నుంచి వెనక దాకా నేరుగా లాగాం. టేపు కింద దెబ్బ తట్టుకునే గరుకు కోటింగ్, టేపు పైన ఎండ తట్టుకునే లేత రంగు. రెండు రంగుల బండి అనే ఆలోచన ఏ ఫొటోలోంచీ రాలేదు, ఆ టేపు గీతలోంచి వచ్చింది. సాయంత్రం అతను వచ్చి సుద్ద గుర్తులు చూసి, ఏ సున్నా ఏ మలుపులో పడిందో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆ తర్వాత ఆలివ్ గ్రీన్ మాట మళ్లీ ఎత్తలేదు.

రేకు పని

డబ్బులో సగానికి పైగా రంగు కింద దాగే పనికే పోయింది. కస్టమర్‌కు ఇది ముందే చెప్పాలి, ఫొటోలో కనిపించని పనికి డబ్బు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది.

పాత యజమాని బిగించిన ఒక సన్న బుల్ బార్ అప్పటికే ముందు ఉంది. దాన్ని విప్పితే వెనక గట్టిపడిన మట్టి, ఆ మట్టి కింద తుప్పు. బుల్ బార్ విషయంలో చట్టం కంటే నాకు పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మన ఊళ్ల రోడ్ల మీద మనుషులు, బర్రెలు, సైకిళ్లు అన్నీ నడుస్తాయి. చాసిస్‌కు బిగించిన ఇనుప పైపు తగిలితే మనిషికి తగిలే దెబ్బ మామూలు బంపర్ దెబ్బ లాంటిది కాదు. బండి గుద్దుకున్నప్పుడు ఆ ఊపు కూడా నేరుగా చాసిస్ మీదికే పోతుంది.

పక్కన కాలు పెట్టి ఎక్కే ఫుట్‌స్టెప్‌ల బ్రాకెట్ల దగ్గర, కాలి కింద ఫ్లోర్ రేకు అంచున, అద్దం ఫ్రేమ్ అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. గట్టి రేకు టంగుమంటుంది, తిన్న రేకు మెత్తగా లోపలికి పోతుంది. ఎడమ ఫ్లోర్ మూలలో స్క్రూడ్రైవర్ దిగిపోయింది. వాగు దాటిన ప్రతిసారీ లోపలికి వెళ్లిన ఒండ్రు అక్కడే ఆగి, పైన ఎండినా అడుగున తడిగానే ఉంటుంది.

తిన్న రేకును గట్టి రేకు వచ్చేదాకా కోసేశాం. అదే గేజీ రేకుతో ప్యాచ్ కట్ చేసి మిగ్ వెల్డింగ్‌తో టాకాలు వేశాం. ఒక టాకా ఇక్కడ వేస్తే రెండోది ఎదురు మూలకు వేయాలి, లేకపోతే వేడికి రేకు వంకర పోతుంది. గుంటలు పడ్డ చోట ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టాం. పుట్టీ పెట్టింది దాని మీదే. ఇందులో నేను రాజీ పడను. వట్టి రేకు మీద నేరుగా పుట్టీ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. పాలియెస్టర్ పుట్టీ తేమను పీల్చుకుంటుంది, ఏడాది తిరిగేసరికి రంగు కింద బుడగలు లేస్తాయి. ఆఫ్‌రోడ్ బండికి అయితే ఏడాది కూడా ఆగదు. అతుకులన్నిటికీ సీలెంట్ వేశాం. డోర్ల లోపల, అడుగు పెట్టెల్లో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) మాత్రం రంగు అంతా అయ్యాక కొట్టాం, ముందే కొడితే దాని జిడ్డు రంగును పట్టనివ్వదు.

రంగు ఎంపిక

షెడ్డులో పాత బానెట్లు, ఫెండర్లు ఎప్పుడూ ఉంటాయి. వాటి మీద తెలుపు, బూడిద, ఇసుక, ఎండుగడ్డి, ఇటుక రంగులు పట్టీలుగా కొట్టాం. అతని చేనుకు పోయే బాటలోని ఎర్రమట్టి ఒక సంచిలో, పరకాల వైపు నుంచి నల్లరేగడి ఇంకో సంచిలో తెప్పించి, నీళ్లలో కలిపి పట్టీల మీద చిమ్మి ఎండనిచ్చాం. షేడ్ కార్డులో ఏ రంగైనా బాగుంటుంది. మట్టి పడ్డాక ఎలా ఉంటుందన్నదే మాకు కావలసింది.

తెలుపు మీద ఎర్రమట్టి మరక తుడిచినా లేత గులాబీ నీడ ఉండిపోయింది. ముదురు బూడిద మీద దుమ్ము పొర కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇటుక రంగు ఎర్రమట్టిని దాచింది గానీ నల్లరేగడి పడితే ముతకగా కనిపించింది. ఎండుగడ్డి రంగు రెండు మట్టులనూ తనలో కలిపేసుకుంది. కోతలు అయ్యాక వరి మడిలో మిగిలిన గడ్డి ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. అతను ఆ పట్టీని ఎండలో పెట్టి చూసి, నీడలో పెట్టి చూసి, "గిదే" అన్నాడు.

మ్యాట్ ఫినిష్ మీద కొంత వాదన జరిగింది. మ్యాట్ బండి నిలబడి ఉంటే బాగుంటుంది. కానీ మ్యాట్ క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) మీద గీత పడితే కాంపౌండ్ (పాలిష్ ముద్ద) కొట్టి తీయలేం, రుద్దిన చోట మెరుపు వచ్చి మచ్చగా మారుతుంది. ఒక చోట టచప్ చేయాలంటే ప్యానెల్ మొత్తం మళ్లీ కొట్టాలి. వెదురు కొసలు రోజూ తగిలే బండికి అది సరిపడదు. మెటాలిక్ కూడా వద్దన్నాను. మెటాలిక్‌లో రేణువులు ఏ కోణంలో పడ్డాయన్నదాన్ని బట్టి షేడ్ మారుతుంది, గన్ ప్రెషర్ మారినా మారుతుంది, అందుకే చిన్న టచప్ కూడా తేడా కొడుతుంది. మామూలు సాలిడ్ రంగు, దాని మీద మెరిసే క్లియర్ అనుకున్నాం. మ్యాట్ రూపం కింద గరుకు కోటింగ్ ఎలాగూ ఇస్తుంది. వినైల్ ర్యాప్ (రంగుకు బదులు అతికించే ప్లాస్టిక్ పొర) గురించి కూడా అడిగాడు. ముళ్ల కంపలో తిరిగే బండికి ర్యాప్ అంచులు నిలవవని చెప్పాను.

ఎండలో పెయింటింగ్

మేలో మా పనికి పెద్ద శత్రువు వేడి. మామూలు థిన్నర్ వాడితే రంగు గన్ నుంచి ప్యానెల్ చేరేలోపే సగం ఆరిపోయి, పొడిపొడిగా పడుతుంది. చేత్తో రాస్తే ఇసుక కాగితంలా తగులుతుంది. అందుకని స్లో థిన్నర్, తెల్లవారుజామున పని. సూర్యుడు షెడ్డు రేకుల మీదికి రాకముందే బేస్ కోట్ (క్లియర్ కింద ఉండే అసలు రంగు) అయిపోవాలి. పాత రంగు పట్టు బాగున్న చోట రేకు దాకా గీకలేదు. 180, 320 పేపర్ కొట్టి సర్ఫేసర్ (చిన్న గీతలు నింపే ప్రైమర్) వేసి, 800 వాటర్ పేపర్‌తో చదును చేశాం. ప్రైమర్‌కు పెద్ద నాజిల్, బేస్‌కూ క్లియర్‌కూ 1.3 నాజిల్. కోటుకూ కోటుకూ మధ్య తగినంత సేపు ఆగడం ముఖ్యం. వేడి ఉంది కదా, ఆరిపోయినట్టే ఉంది కదా అని తొందరపడితే అడుగున చిక్కిన థిన్నర్ తర్వాత సూది మొనలంత రంధ్రాలుగా బయటపడుతుంది.

కింది భాగానికి టూకే (హార్డెనర్ కలిపి వాడే) పాలీయురెథేన్ టెక్స్‌చర్ కోటింగ్, బొగ్గు రంగులో. పికప్ బండ్ల వెనక తొట్టికి వేసే రకం. దీని గన్ వేరే, ప్రెషర్ పెంచితే గరుకు సన్నబడుతుంది, తగ్గిస్తే ముతకవుతుంది. మట్టి మరీ ఇరుక్కోకుండా సన్న గరుకు ఉంచాం. ఈ కోటింగ్‌లో ఒక ప్రమాదం ఉంది. డోర్ల అడుగున, సైడ్ రేకుల అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు ఉంటాయి. మందంగా పడే ఈ కోటింగ్ వాటిని మూసేస్తుంది, అప్పుడు లోపల చేరిన వాగు నీళ్లు బయటికి పోలేక రేకును లోపలి నుంచి తింటాయి. అందుకే గన్ పట్టుకునే ముందు ప్రతి రంధ్రంలో ఒక వేప పుల్ల దూర్చాం. కోటింగ్ మెత్తగా ఉండగానే పుల్ల తిప్పి లాగేస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా వస్తుంది. తర్వాత డోర్ లోపల గ్లాసుడు నీళ్లు పోసి, కింద నుంచి కారుతున్నాయో లేదో ఒక్కో డోర్ చూశాం.

చక్రాలు, ముఖం, టాప్

కంపెనీ టైరు 235/70 ఆర్16. అతను 245/75 ఆర్16 అడిగాడు. లెక్క వేసి చూపించాను. మొదటిదాని ఎత్తు 735 మిల్లీమీటర్లు, రెండోదాని ఎత్తు 774. ఐదు శాతం పైన తేడా. మీటరు 60 చూపిస్తే బండి నిజంగా 63లో పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే, స్ప్రింగ్ అణిగితే ఎక్కడో ఒకచోట రాసుకునే అవకాశం కూడా ఉంటుంది. కంపెనీ సైజులోనే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేశాం. వాటి మీది రబ్బరు దిమ్మలు పెద్దవి కాబట్టి చక్రం నిండుగా కనిపిస్తుంది. టైరు బాడీ దాటి బయటికి వస్తే చూడ్డానికి మోటుగా ఉన్నా, ఎగిరే బురదంతా డోర్ల మీదే పడుతుంది.

స్టీలు రిమ్ములు అలాగే ఉంచాం. వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు, ఊళ్లోనే అయిపోతుంది. బొగ్గు రంగు పౌడర్ కోటింగ్ చేయించాం. నట్టు కూర్చునే చోట మాత్రం కోటింగ్ పడకుండా మూసి పంపాలి. అక్కడ మందం పడితే నట్టు దాని మీద బిగుస్తుంది, బండి తిరిగేకొద్దీ ఆ పొర నలిగి నట్టు వదులవుతుంది. పౌడర్ కోటింగ్ షాపులో ఈ మాట చెప్పి పంపాలి, చెప్పకపోతే రిమ్ము మొత్తం అందంగా కోట్ చేసి ఇచ్చేస్తారు.

ఎల్ఈడీ బార్ అడిగింది రాత్రి చేను నుంచి వచ్చేటప్పుడు వెలుతురు చాలట్లేదని. హెడ్‌లైట్లు విప్పి చూస్తే రిఫ్లెక్టర్ పొగచూరినట్టు మసకబారి ఉంది. పాత వైరింగ్‌లో ఓల్టేజీ కూడా పడిపోతోంది. హాలోజన్ బల్బుకు ఓల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. గుండ్రటి కొత్త హెడ్‌లైట్లు, మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బులు, రిలే పెట్టిన కొత్త వైరింగ్ వేశాం. వెలుతురు సమస్య తీరింది. ఎదుటి బండివాడి కళ్లలో కొట్టదు. శుభ్రమైన రెండు గుండ్రటి లైట్లు, వాటి మధ్య నిలువు గాడుల గ్రిల్, కింద బొగ్గు రంగు కంపెనీ బంపర్. బుల్ బార్ వెనక ఇన్నాళ్లు దాగిన ఈ ముఖమే థార్‌కు అసలు అందం. నేను ఇంకేమీ తగిలించలేదు.

టాప్‌కు కొత్త కాన్వాస్ వరంగల్‌లోనే కుట్టించాం. ముదురు గోధుమ రంగు, కాటన్ దారం కాకుండా పాలియెస్టర్ దారం, వాన నీళ్లు కుట్టులో ఆగకుండా మడతలు కిందికి తిరిగేలా.

ఇక తోరణం. డోర్ల నిండా పెద్ద స్టిక్కర్ అనుకున్నాడు. వరంగల్ బండ్ల మీద తోరణం లేని బండి వెతకాలి, అందుకే అది చిన్నగా, పనితనంతో ఉండాలని నాకు పట్టుదల. ఎడమ డోర్ ఎలాగూ గీతల పాలవుతుంది కాబట్టి, వెనక స్టెప్నీ పక్కన, టేపు గీతకు పైన, అరచేతి అంత జాగా ఎంచాం. ప్లాటర్ మీద వినైల్ స్టెన్సిల్ కోయించి, బేస్ కోట్ మీద అతికించి, బొగ్గు రంగు పలచగా కొట్టాం. స్తంభాల దాకా సులువే. పైన కూర్చున్న హంసల మెడలే కష్టం. అగ్గిపుల్ల మందం కూడా ఉండవు. రంగు పూర్తిగా గట్టిపడ్డాక స్టెన్సిల్ లాగితే అక్కడ అంచు చిట్లిపోతుంది. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే, పట్టకారుతో ఒక మూల పట్టుకుని, పక్కకు పడుకోబెట్టినట్టు లాగాలి. ఆ మీద క్లియర్ పడటంతో వేలితో తడిమితే మిట్ట తగలదు. స్టిక్కర్ లాగా ఎండకు లేచిపోయే పని లేదు.

వానాకాలం దాటాక

ఆర్సీలో రంగు మార్పించుకున్నాక బండి అతని చేతికిచ్చాం. వానలు తగ్గాక చూపించడానికి తీసుకొచ్చాడు. ఎడమ వైపు కింద గరుకు కోటింగ్ మీద కొత్త గీతల ఆనవాళ్లు ఉన్నాయి, గోరు లాగితే ఎక్కడా రేకు దాకా దిగలేదు. పైన వెదురు గీతలు కొన్ని ఉంటే కాంపౌండ్ కొట్టి పంపాను. డోర్ రంధ్రాలన్నీ తెరుచుకునే ఉన్నాయి. వీల్ ఆర్చ్ ప్లాస్టిక్ లోపలి అంచులో మాత్రం మట్టి ఇరుక్కుంటోంది, అక్కడ విప్పి కడగడం ప్రతి సీజన్‌కు తప్పదు. గరుకు కోటింగ్ మీది బురద గుడ్డతో పోదు, బ్రష్ కావాలి, దానికి అతను కొంచెం విసుక్కున్నాడు. కాన్వాస్ కిటికీ ప్లాస్టిక్ అప్పుడే మసకబారడం మొదలైంది, వచ్చే ఎండాకాలం లోపు మార్చాలి. రిమ్ముల అంచున రాళ్లు తగిలి పౌడర్ కోటింగ్ అక్కడక్కడ లేచింది.

పోయేటప్పుడు మిగిలిన ఎండుగడ్డి రంగు చిన్న డబ్బాలో పోసి, షేడ్ కలిపిన కొలతలు చీటీ మీద రాసి డబ్బాకే అతికించి ఇచ్చాను. ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా ములుగులోనే ఎవరితోనైనా టచప్ చేయించుకోవచ్చు, ఇంత దూరం రానక్కర్లేదు.